వేణ్ణీళ్ళూ, వేళకు పక్కా

అమరచింత నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం తీసుకుంటున్నాను. నాలుగు పేజీల ఉత్తరం. చివరి పేజీ రాసేటప్పటికి రాత్రి రెండున్నర అయిందట. ఇంటిల్లిపాదీ నిద్రపోతున్నారనీ, తనకు కాగితమూ కలమూ తోడు కూర్చున్నాయనీ రాశారు. పేరు వెయ్యవద్దన్నారు కనుక వెయ్యడం లేదు.

ఆమెకు నలభై ఆరేళ్ళు. ఇంట్లో రెండు గుంట మగ్గాలున్నాయి. భర్తా, మరిదీ నేతపని చూసుకుంటారు. కండెలు చుట్టించడం, జరీ, పట్టు లెక్కలు రాయడం, ఇంత వంట చేసి ఇంతమందికి పెట్టడం ఈమె వంతు. రెండేళ్ళ కిందట అత్తగారు జబ్బుపడి ఆరు నెలలు మంచం పట్టారు. ఆ ఆరు నెలలూ రాత్రిళ్ళు కోడలే కనిపెట్టుకుని కూర్చుంది. అత్తగారు లేచి తిరుగుతున్నారు, ఇప్పుడు గుర్రుపెట్టి నిద్రపోతున్నారు కూడా. కోడలి నిద్ర మాత్రం తిరిగి రాలేదు.

రాత్రి తొమ్మిదింటికల్లా పక్క ఎక్కుతారు. ఉదయం ఆరింటికి లేస్తారు. ఈ తొమ్మిది గంటల్లోనూ కన్ను మూతపడేది అయిదున్నర గంటలు మించదు. అదీ ముక్కలు ముక్కలుగా. మధ్యాహ్నం భోజనం కాగానే ఒళ్ళు తూలిపోయి ఓ గంట పడుకుంటారు. మొన్న పొయ్యిమీద పాలు పొంగి, మాడి, ఇల్లంతా పొగ కమ్మేదాకా ఆ పక్కనే కూర్చున్న ఆమెకు తెలియలేదట. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న బిళ్ళ మొదట్లో సగం వేసుకునేవారు, ఇప్పుడు ఒకటి. 'నాకు పిచ్చెత్తుతుందేమో అక్కయ్యా' అని రెండు చోట్ల రాశారు.

ఇంతలో హైదరాబాదులో చదువుకుంటున్న మేనకోడలు ఒక కబురు తెచ్చింది. అలవాట్లు దిద్దుకుని, దానికి తోడు పడుకోబోయే ముందు వేణ్ణీళ్ళతో ఒళ్ళు కాచుకుంటే, మందు లేకుండానే నిద్ర దారిలో పడుతుందని. ఇంట్లో వాళ్ళు నవ్వారట. పగలంతా ఎండకు మాడే పాలమూరు సీమలో రాత్రిపూట మళ్ళీ వేణ్ణీళ్ళేమిటని.

నవ్వవలసిన సంగతి కాదు. మేనకోడలు చెప్పింది చాలావరకు నిజం. అయితే అందులో ఏది మందో, ఏది అనుపానమో తేల్చుకోవాలి.

ముందు ఆ పిచ్చి భయం సంగతి. వారానికి మూడు రాత్రులైనా నిద్ర పట్టకపోవడమో, పట్టినా నిలవకపోవడమో మూడు నెలలు దాటి సాగుతూ, పగటి పనిని చెడగొడుతూ ఉంటే దాన్ని వైద్యులు దీర్ఘకాలపు నిద్రలేమి అంటారు. అది పిచ్చికి తొలిమెట్టు కాదు. ఊళ్ళో ఎవరికీ లేని వింత జబ్బూ కాదు. ఆడవాళ్ళలో మగవాళ్ళకంటె ఎక్కువ. నలభై అయిదు దాటిన వారిలో మరీను. మన పాటల్లో ఊర్మిళాదేవి పధ్నాలుగేళ్ళు నిద్రపోయింది, అడవిలో లక్ష్మణుడు అన్నేళ్ళూ మేలుకున్నాడు. మన ఇళ్ళలో ఈ పంపకం తిరగబడ్డది. కాపలా లక్ష్మణుడి పని కూడా ఊర్మిళ నెత్తినే పడింది. అత్తగారి దగ్గు, పసిపిల్లల ఏడుపు, పాలవాడి పిలుపు, వీటన్నిటికీ చెవి తెరిచి పడుకోవడం నేర్చుకున్న మనిషికి ఆ చెవి మూసుకోవడం ఎవరూ నేర్పరు.

ఇక వేడి సంగతి. మన ఒంటి వేడి రోజంతా ఒక్కలా ఉండదు. సాయంత్రానికి హెచ్చుతుంది. రాత్రయ్యేకొద్దీ దిగుతూ, తెల్లవారుజామున నాలుగైదు గంటలప్పుడు అన్నిటికన్న తక్కువకు చేరుతుంది. తేడా ఎంతో కాదు, సుమారు ఒక సెంటీగ్రేడు డిగ్రీ. కాని నిద్ర ఆ దిగుడుమెట్ల మీదుగానే వస్తుంది. ఒంట్లోపలి వేడి బయటికి పోవడానికి శరీరం కొన్ని కిటికీలు పెట్టుకుంది. అవి అరచేతులు, అరికాళ్ళు. అక్కడి రక్తనాళాలు విచ్చుకుంటే లోపలి వేడి చర్మంలోకి వచ్చి, గాలిలో కలిసిపోతుంది. నిద్ర ముంచుకు వచ్చే పసిపిల్లల అరిచేతులూ పాదాలూ వెచ్చగా ఉంటాయని తల్లులందరికీ తెలుసు. స్విట్జర్లండులోని బాసెల్ నగరంలో క్రాయుకీ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన బృందమూ దీన్నే కొలిచి చూసి, 1999లో 'నేచర్' పత్రికలో రాశారు. కాళ్ళూ చేతులూ ఎంత వెచ్చబడితే నిద్ర అంత త్వరగా పడుతుందని వారి లెక్క.

చూశారా తమాషా! వేణ్ణీళ్ళు పోసుకునేది ఒంటిని వేడెక్కించడానికి కాదు, చల్లబరచడానికి. వేడినీళ్ళు తగలగానే చర్మంలోని నాళాలు విచ్చుకుంటాయి. స్నానం అయి బయటికి వచ్చాక ఆ తెరుచుకున్న కిటికీల గుండా లోపలి వేడి తోసుకుని పోతుంది. గంటా గంటన్నరలో ఒంటి వేడి మామూలు కంటె చురుగ్గా దిగుతుంది. అప్పుడు పక్కమీదికి చేరితే నిద్రకు దారి సుగమం. అంచేత పక్కమీదికి వెళ్ళే నిమిషంలో స్నానం చేస్తే ఉపయోగం లేదు సరికదా, వేడెక్కిన ఒంటితో పొర్లడమే మిగులుతుంది. చాలామంది 'మేమూ చేసి చూశామండీ, ఏమీ లాభం లేదు' అనేది ఇందుకే.

ఇది ఈనాడు పుట్టిన ఆలోచన కాదు. ఇంగ్లండులో హార్న్, రీడ్ అనే ఇద్దరు 1985లోనే వేడినీళ్ళ స్నానం తరువాతి నిద్రను యంత్రాలతో పరీక్షించి, గాఢనిద్ర పెరిగిందని చూపారు. అమెరికాలో సింథియా డోర్సీ బృందం 1996లోనూ, 1999లోనూ అచ్చంగా మన సోదరి వంటివారిమీద, అంటే నిద్రలేమితో బాధపడే పెద్దవయసు స్త్రీలమీద దీన్ని ప్రయత్నించింది. పడకకు గంటన్నర, రెండు గంటల ముందు వారిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టారు. ఆ రాత్రుల్లో నిద్ర గాఢంగానూ, తెంపు తక్కువగానూ సాగింది. 2019లో టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ విశ్వవిద్యాలయం వారు ఈ విషయం మీద 5,322 వ్యాసాలు జల్లెడ పట్టి, గట్టివి ఏరి చూశారు. 40 నుంచి 42.5 డిగ్రీల వేడిగల నీళ్ళు, పడకకు గంట, రెండు గంటల ముందు, పది నిమిషాల స్నానం చాలు. నిద్రపట్టడం సగటున సుమారు పది నిమిషాలు త్వరపడుతుందని తేల్చారు.

పది నిమిషాలేనా అంటారేమో. అవును, పది నిమిషాలే. అందుకే అనుపానం అన్నాను. గంటలకొద్దీ పొర్లేవారికి ఒక్క వేణ్ణీళ్ళ వల్ల జబ్బు తిరగదు.

మన వైద్యులు మాత్రం వెనకబడ్డారా? నిద్ర పట్టనివారికి చరకుడు చెప్పిన ఉపాయాల్లో నూనె మర్దన, స్నానం, పెరుగన్నం, పాలు, మెత్తని పక్క అన్నీ ఉన్నాయి. అభ్యంగన ఫలాల్లో మంచినిద్రను వాగ్భటుడు చేర్చాడు. ఆయనే ఇంకో మంచిమాట చెప్పాడు. వేణ్ణీళ్ళు మెడకు కింద పోసుకుంటే బలం, తలమీద పోసుకుంటే జుట్టుకూ కళ్ళకూ చెరుపు అని. రాత్రిపూట తలంటి, తడిజుట్టు ఆరక, జలుబు తెచ్చుకునే బాధ ఇలా తప్పుతుంది. భుజాలనుంచి కిందికి పోసుకుంటే చాలు.

తొట్టిస్నానం మన ఇళ్ళలో ఎక్కడిది! బకెట్టూ, చెంబూ మన సాధనాలు. నీళ్ళ వేడి ఎంతో తెలియక చాలామంది చెయ్యి కాల్చుకుంటారు. లెక్క సులభం. కుళాయి నీళ్ళు 28 డిగ్రీలుంటే, అయిదు చెంబుల చన్నీళ్ళకు ఒక చెంబు సలసల మరిగే నీళ్ళు కలిపితే 40 డిగ్రీలవుతుంది. చలికాలం నీళ్ళు 22 డిగ్రీలకు దిగితే మూడు చెంబుల కొక చెంబు. ఎప్పుడూ చన్నీళ్ళు ముందు పోసి, మరిగినవి తరువాత కలపండి. జ్వరం చూసే థర్మామీటరు అందులో ముంచకండి. దాని గీతలు 42 డిగ్రీలతో సరి, ఆపైన పగిలి పాదరసం నీళ్ళపాలవుతుంది. మోచేతితో చూసి ఓర్చుకునే వెచ్చదనం ఉంటే సరే.

ఒళ్ళంతా పోసుకునే ఓపిక లేనినాడు కాళ్ళు మాత్రం ముంచుకోవచ్చు. పిక్కల సగం వరకు మునిగేలా బకెట్టులో వెచ్చని నీళ్ళు పోసి, పావుగంట, ఇరవై నిమిషాలు కుర్చీలో కూర్చోవాలి. నీళ్ళు చల్లారితే కాళ్ళు బయటికి తీసి, అప్పుడే వేడినీళ్ళు కలపాలి. కాళ్ళు అందులోనే ఉంచి పైనుంచి పొయ్యకండి.

పాలమూరు ఎండ మాట కూడా చెప్పుకోవాలి. నవ్విన ఇంటివారి ప్రశ్నలో పాయింటు లేకపోలేదు. కిటికీ తెరిచినా బయట గాలి చల్లగా ఉంటేనే కదా లోపలి వేడి పోయేది. మే నెలలో గోడలు రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతుంటే, చర్మం అప్పటికే ఎర్రబడి తెరుచుకునే ఉంటుంది. వేడి పోవడానికి చోటు లేకపోవడం ఆనాటి ఇబ్బంది. అప్పుడు వేణ్ణీళ్ళు కట్టిపెట్టి, గోరువెచ్చటి నీళ్ళు నిదానంగా పోసుకుని, ఒళ్ళు పొడిగా తుడుచుకోకుండా గాలికి కూర్చోండి. మీ ప్రాంతపు ఎండాకాలపు గాలి పొడిగాలి. తడి ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. సాయంత్రం డాబామీద నీళ్ళు చల్లుకుని అక్కడ పక్క వేసుకునే పాత అలవాటు శాస్త్రసమ్మతమే. ఐసులాంటి చన్నీళ్ళు మాత్రం రాత్రిపూట వద్దు. చర్మం ముడుచుకుని, కిటికీలు మూసుకుని, మెలకువ ఇంకా పదునెక్కుతుంది.

ఇప్పుడు అసలు మందు. అది అలవాట్ల చికిత్స. అమెరికాలోని పెద్ద వైద్యసంఘం, అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో ఒక సూత్రం ప్రకటించింది. దీర్ఘకాలపు నిద్రలేమి ఉన్న పెద్దవారికి మాత్రలకన్న ముందు ఈ చికిత్సే ఇవ్వాలని. ఐరోపా వైద్యులూ 2017లో అదే మాట అన్నారు. బిళ్ళ మాట ఎత్తకుండా డాక్టర్లు ఒక చికిత్సను మొదటి పీటమీద కూర్చోబెట్టడం చిన్న విషయం కాదు.

దీని వెనక ఉన్న ఆలోచన ఏమిటంటే, నిద్ర చెడగొట్టిన కారణం వేరు, చెడిన నిద్రను చెడినట్టే నిలబెట్టే కారణం వేరు. ఆర్థర్ స్పీల్మన్ అనే మనస్తత్వవేత్త ఈ తేడాను విడమరిచి చెప్పాడు. కొందరి స్వభావం ఎండుకట్టె, త్వరగా అంటుకుంటుంది. ఏదో ఒక కష్టం నిప్పురవ్వ అవుతుంది. ఆ తరువాత నిద్రకోసం మనం పడే పాట్లు అందులో పోసే ఆజ్యం. అత్తగారి జబ్బు నిప్పురవ్వ. అది ఎప్పుడో ఆరిపోయింది. తొమ్మిదింటికే పక్క ఎక్కి నిద్రకోసం కాచుకోవడం, మధ్యాహ్నం గంటసేపు పడుకోవడం, పదేపదే గడియారం చూడడం, 'రేపు ఎలా లేస్తాను' అన్న లెక్కలు, ఇవన్నీ ఆజ్యం. ఆజ్యం ఆపితే మంట తగ్గుతుంది.

ఆపడం ఎలా? 1972లో రిచర్డ్ బూట్జిన్ చెప్పిన పద్ధతి చూడండి. పక్క నిద్రకు మాత్రమే. దంపతుల సంగతి వేరే అనుకోండి. పక్కమీద కూర్చుని చిట్టాలు రాయడం, ఫోను చూడడం, పిల్లలతో పోట్లాటలు తీర్చడం కూడదు. నిద్ర ముంచుకొచ్చాకే పక్కమీదికి వెళ్ళాలి. ఓ ఇరవై నిమిషాల పాటు, గడియారం చూడకుండా అంచనామీదే, నిద్ర రాకపోతే లేచి ఇంకోచోటికి వెళ్ళి, మసక వెలుతురులో ఏదో నెమ్మదైన పని చేసుకోవాలి. మళ్ళీ కళ్ళు బరువెక్కాక రావాలి. ఎన్నిసార్లయితే అన్నిసార్లు. రాత్రి ఎలా గడిచినా ఉదయం లేచే వేళ మారకూడదు.

ఎందుకిలా అంటే, నిద్ర రాని మనిషికి పక్కే శత్రువవుతుంది. కుర్చీలో కూర్చుని టీవీ ముందు తూలినవారు, తీరా పక్కమీద వాలగానే కళ్ళు తెరుస్తారు. రెండేళ్ళుగా ఆ పక్కమీద పడిన యాతన అంతా ఒళ్ళు గుర్తుపెట్టుకుంది. ఆ గుర్తు చెరిపి, పక్క అంటే నిద్ర అని కొత్తపాఠం చెప్పాలి.

మన పాత ఇళ్ళలో ఈ పాఠం తనంతట తానే సాగేది. రాత్రి భోజనాలయ్యాక బొంతలూ, చాపలూ పరచుకునేవారు. తెల్లారగానే చుట్టి అటకమీద పెట్టేవారు. పగలు పక్క కంటికి కనబడేది కాదు. పందిరిమంచం, పట్టెమంచం పోయి, ఇరవైనాలుగు గంటలూ పరిచే ఉండే డబుల్ కాట్ వచ్చాక ఇంట్లో సోఫా అదే, బీరువా ముందరి బల్ల అదే, పిల్లల బడి కూడా అదే. దొడ్డమ్మగారు పొద్దున్నే పక్క చుట్టేయమని గదమాయించడంలో ఇంత వైద్యం ఉందని ఆవిడకు తెలియదు, మనకూ తెలియదు.

'లేచి ఇంకో గదికి వెళ్ళమంటే మాకు ఇంకో గది ఎక్కడిది? ఒకదాంట్లో మగ్గాలు, ఒకదాంట్లో మేమందరం' అని మీరు అడుగుతారు. నిజమే. ఈ పుస్తకాలు రాసినవాళ్ళు మనిషికో గది ఉన్న దేశంలో రాశారు. గది ముఖ్యం కాదు, పక్క దిగడం ముఖ్యం. వాకిట్లో అరుగుమీద కూర్చోవచ్చు. మగ్గం గదిలో ఓ మూల పీట వేసుకుని, చిన్న దీపం కింద రేపటికి కావలసిన పప్పు ఏరుకోవచ్చు. కాని చిట్టాపుస్తకం తెరవవద్దు, మగ్గంలోకి దిగవద్దు. మెలకువకు జీతం ఇచ్చినట్టవుతుంది.

రెండో భాగం కాస్త చేదు. 1987లో స్పీల్మనే దీన్ని ప్రకటించాడు. పక్కమీద గడిపే కాలాన్ని నిజంగా నిద్రపోయే కాలానికి కుదించడం. మీ లెక్కనే చూద్దాం. పక్కమీద తొమ్మిది గంటలు, నిద్ర అయిదున్నర. అంటే నూటికి అరవై ఒకటి. నూటికి ఎనభై అయిదు ఉంటే బాగున్నట్టు. కనుక మొదటివారం మీకు ఇచ్చేది అయిదున్నర గంటలే. రాత్రి పన్నెండుకు పడక, ఉదయం అయిదున్నరకు లేవడం. మధ్యాహ్నం కునుకు బంద్. వారం గడిచాక ఎనభై అయిదు దాటితే, పడుకునే వేళను పావుగంట ముందుకు జరపాలి. అంటే పదకొండూ ముప్పావు. మరో వారం బాగుంటే పదకొండున్నర. ఇలా ఒళ్ళు ఎంతవద్ద తృప్తి పడుతుందో అంతవరకు. లెక్క కుదరని వారం ఉన్నచోటే ఆగాలి. ఏ పరిస్థితిలోనూ అయిదు గంటలకన్న తగ్గించకూడదు.

'నిద్ర లేదు మొర్రో అంటే ఉన్న పక్కకూడా లాక్కుంటారా!' అని మీకు కోపం రావచ్చు. ఆకలి లేనివాడికి పూట మాన్పించి ఆకలి పుట్టించినట్టే ఇదీ. 'ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు' అంటాం గదా. నిజమైన నిద్ర ఆకలి పుడితే పరుపూ, దిండూ, వీధిలోని మగ్గాల చప్పుడూ ఏదీ అడ్డురాదు. ముందే చెప్పి ఉంచుతున్నాను, మొదటి రెండు వారాలూ పగలు తూలు వస్తుంది, చిరాకు వస్తుంది. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. ఇంటివారు చెయ్యవలసిన సాయం ఇక్కడే ఉంది. ఆ రెండు వారాలూ పొయ్యి దగ్గరి పని, ముఖ్యమైన లెక్కలు ఇంకొకరు చూడాలి. అత్తగారికి రాత్రి మంచినీళ్ళు ఇవ్వడం కొడుకు చెయ్యవచ్చు, చేతులు అరగవు. బండి నడిపేవారు ఆ రోజుల్లో నడపకూడదు.

వేణ్ణీళ్ళూ, ఈ క్రమశిక్షణా చేతులు కలిపేది సరిగ్గా ఈ చోటనే. తొమ్మిదింటికి పడుకునే అలవాటున్న మనిషిని పన్నెండుదాకా మేలుకోమంటే, పదింటికే కుర్చీలో కూలబడి ఒక కునుకు తీస్తుంది. ఆ కునుకుతో రాత్రంతా పాడు. పదిన్నరకు స్నానం పెట్టుకుంటే ఆ గండం గడుస్తుంది. నీళ్ళు కాగబెట్టడం, పోసుకోవడం, చీర మార్చుకుని జడ అల్లుకోవడం, ఇంతలో పదకొండు. ఆపైన గంటసేపు నెమ్మదిగా ఒళ్ళు చల్లబడుతుంది. పన్నెండింటికి పక్క. ప్రతిరోజూ అదే వేళకు అదే వరస. కొన్నాళ్ళకు కాగు కింద మంట చూడగానే ఒంటికి 'ఇక ఈపూటకు అయింది' అని తెలుస్తుంది. పడకవేళ పావుగంట ముందుకు జరిగినప్పుడల్లా స్నానమూ పావుగంట జరగాలి. ఈ రెండింటిలో ఏదో ఒకటే చేయగలమంటే మాత్రం వేణ్ణీళ్ళు మాని, లేచే వేళను పట్టుకోండి.

టీ మధ్యాహ్నం రెండు తరువాత వద్దు. అందులోని కెఫీను సగం తగ్గడానికే అయిదు గంటల దాకా పడుతుంది. రాత్రి ఎనిమిదింటికి చాయ్ తాగి 'నాకు చాయ్ ఏమీ చెయ్యదు' అనే పెద్దమనుషులు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. వారితో వాదించకండి, మీరు మానేయండి.

ఈ వేడివైద్యం అందరికీ పనికిరాదు. చక్కెరజబ్బువల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టనే కూడదు. కాలినా తెలియదు, తెలిసేసరికి పుండు పడుతుంది. గుండెజబ్బు ఉన్నవారు, రక్తపుపోటు మరీ తక్కువై లేచి నిలబడితే కళ్ళు తిరిగేవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా చెయ్యకూడదు. ముట్లు ఆగిపోయే వయసులో ఒక్కసారిగా సెగలు ఎగసి చెమటలు పట్టే స్త్రీలకు వేడినీళ్ళు ఆ సెగలనే రేపవచ్చు. గోరువెచ్చనితో సరిపెట్టుకోవాలి. మూర్ఛలున్నవారికీ, ఉద్రేకం, దిగులు మార్చి మార్చి వచ్చే మనోవ్యాధి ఉన్నవారికీ పక్క కుదించే పద్ధతి ప్రమాదం. పెద్దగా గుర్రుపెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడేవారిది వేరే జబ్బు, దానికి వేరే వైద్యం. గుర్రు పెట్టే అత్తగారు హాయిగానే నిద్రపోతున్నారని మనం అనుకుంటాం. పగలు కూడా కూర్చున్నచోటే జోగుతుంటే ఆవిణ్ణీ ఒకసారి చూపించండి.

చివరకు ఆ బిళ్ళ మాట. ఉత్తరంలో అన్నిటికన్న నన్ను భయపెట్టింది అదే. 1963లో వాలియం అన్న పేరుతో అమెరికా అంగళ్ళలోకి వచ్చిన డైజిపామ్, దాని చెల్లెలు అల్ప్రాజోలం, ఇవి కొద్దిరోజులకు ఇచ్చే మందులు. నెలల తరబడి మింగితే మోతాదు పెంచమని ఒళ్ళే అడుగుతుంది. సగం ఒకటయిందని మీరే రాశారు. వయసు మీరినవారికి మతిమరుపు, రాత్రి లేచినప్పుడు తూలి పడి తుంటి ఎముక విరగడం అదనపు లాభాలు.

ఈ మందు గుణం పాలమూరు వారికి వేరే చెప్పనక్కరలేదు. కల్తీకల్లులో కలిపేది ఈ డైజిపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేటులే. 2015 సెప్టెంబరులో కల్తీమీద దాడులు జరిగి ఆ కల్లు దొరకకుండా పోయేసరికి, మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఎంతోమంది నిద్రలేక, వణుకుతో, మూర్ఛలతో, ఏవేవో మాట్లాడుతూ ఆసుపత్రులు చేరారు. వారు తాగుబోతులు, మనం బిళ్ళ వేసుకునే మర్యాదస్తులం అనుకోవడం వెర్రి. పొట్టలోకి వెళ్ళాక మందుకు ఆ తేడా తెలియదు.

అంచేత ఈ వ్యాసం చదివి, ఉత్సాహం కొద్దీ ఈ రాత్రే బిళ్ళల అట్ట చెత్తబుట్టలో పారెయ్యకండి. హఠాత్తుగా ఆపితే నిద్ర మునుపటికన్న అధ్వాన్నమవుతుంది, మూర్ఛలు కూడా రావచ్చు. వనపర్తిలోనో, మహబూబ్‌నగరులోనో మానసిక వైద్యుడికో, మంచి జనరల్ డాక్టరుకో చూపించుకుని, ఆయన చెప్పిన వరసలో వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. పక్క కుదించే పనికూడా ఆయనకు చెప్పాకే మొదలుపెట్టండి. వెళ్ళేలోగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే, 2022లో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. 14416కు ఫోను చేస్తే తెలుగులోనే జవాబు చెబుతారు, డబ్బు అడగరు.

ఈలోపున ఒక పని మాత్రం ఇవాళే మొదలుపెట్టవచ్చు. మీ చిట్టాపుస్తకాల్లో ఖాళీది ఒకటి తీసి, రోజూ ఉదయం ముఖం కడుక్కున్నాక నాలుగు ముక్కలు రాయండి. రాత్రి ఎన్నింటికి పక్క ఎక్కారు, సుమారుగా ఎప్పుడు నిద్ర పట్టింది, ఎన్నిసార్లు లేచారు, ఎన్నింటికి పక్క దిగారు. పక్కనే బిళ్ళ ఎంత వేసుకున్నదీ. రెండు వారాలు రాసి, డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకమూ, బిళ్ళల అట్టా రెండూ చేతపట్టుకుని వెళ్ళండి.